కొలిమి వెలుగులో క్వాంటమ్ వింతలు: మీకు తెలుసా?

కోహ్కాలో ఉన్నా, సుపేలాలో ఉన్నా, సెక్టార్లలో ఉన్నా భిలాయ్ తెలుగువాళ్లందరికీ ఇవాళ ఒక క్విజ్! సబ్జెక్టు: క్వాంటమ్ కణాలు, వాటితో ఆటలాడే క్షేత్రాలు. కంగారు పడకండి, లెక్కలన్నీ మేమే చేసి పెట్టాం. నోరెళ్లబెట్టడం ఒక్కటే మీ వంతు. రెడీనా? మొదలు!

మన ఊరి మంటలో

మీకు తెలుసా? క్వాంటమ్ సిద్ధాంతం పుట్టింది బాంబుల దగ్గరా కాదు, కంప్యూటర్ల దగ్గరా కాదు. బాగా కాలిన వస్తువు ఏ రంగు వెలుగు ఎంత ఇస్తుందనే ప్రశ్న దగ్గర! భిలాయ్ స్టీల్ ప్లాంటులో షిఫ్టు షిఫ్టుకూ కనిపించే దృశ్యమే 1900లో బెర్లిన్ మేధావులకు నిద్ర లేకుండా చేసింది.

బ్లాస్ట్ ఫర్నేసు ట్యాప్ హోల్ తెరవగానే హాట్ మెటల్ రన్నర్లోకి దూకుతుంది. రవ్వలు చిమ్ముతాయి, కాస్ట్ హౌస్ కప్పు దాకా వెలుగు ఎగబాకుతుంది. అప్పుడు దాని వేడి సుమారు 1,500 డిగ్రీల సెల్సియస్. ఆ వేడిలో కృష్ణవస్తువు, అంటే తన మీద పడ్డ వెలుగునంతా మింగేసే ఆదర్శ వస్తువు, వెదజల్లే శక్తిలో మన కంటికి కనిపించేది ఎంతో మీకు తెలుసా? వెయ్యిలో మూడు వంతులు! మిగతాదంతా దాదాపు కంటికి ఆనని పరారుణ కాంతే. అంటే కళ్లు చెదిరేది ఆ మూడు వంతులకే!

అదే వేడిలో కృష్ణవస్తువు ఒక్క చదరపు మీటరు నుంచి వెలువడే శక్తి ఎంతో మీకు తెలుసా? సుమారు 560 కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీలు మూడొందలు ఒకేసారి ఆన్ చేసినంత కరెంటు! పాపం, ఏసీలేమో చల్లబరుస్తాయి, ఇదేమో కాలుస్తుంది.

మరి ఆ చదరపు మీటరు నుంచి సెకనుకు ఎన్ని ఫోటాన్లు, అంటే వెలుగు ముక్కలు, బయటికొస్తాయి? సుమారు 8 పక్కన 24 సున్నాలు! రాసుకోవడానికి కాగితం పక్కకు తిప్పండి.

మీకు తెలుసా? ఇనుమైనా, రాయైనా, పింగాణీ అయినా చీకట్లో సన్నగా ఎరుపెక్కడం మొదలయ్యేది ఒకే వేడి దగ్గర. కొలిమిలోని వస్తువులన్నీ ఒకే వేడికి ఎరుపెక్కుతాయని 1792లో థామస్ వెడ్జ్‌వుడ్ గమనించాడు. ఆ వేడి సుమారు 525 డిగ్రీలని 1847లో జాన్ విలియం డ్రేపర్ తేల్చాడు. వస్తువు ఏదైనా రూలు ఒకటే. ప్రకృతి దగ్గర రికమండేషన్లు నడవవు!

ఈ వెలుగు ముడి విప్పిన మాక్స్ ప్లాంక్ కుర్రవాడిగా ఉన్నప్పుడు మ్యూనిక్‌లో ఒక ప్రొఫెసర్ ఏమని సలహా ఇచ్చాడో మీకు తెలుసా? ఫిజిక్స్‌లో దాదాపు అన్నీ కనిపెట్టేశారు, కొత్తగా చేసేదేం లేదని! ఆయన పేరు ఫిలిప్ ఫాన్ జాలీ. కుర్రవాడు పెద్దాయన మాట వినలేదు. వినకపోవడమే మంచిదైంది!

1900 అక్టోబరు 7, ఆదివారం. హైన్రిష్ రూబెన్స్ అనే శాస్త్రజ్ఞుడు ప్లాంక్ ఇంటికి వచ్చి, కాలిన వస్తువు వెలుగు మీద తన కొత్త కొలతల సంగతి చెప్పి వెళ్లాడు. ఆ సాయంత్రమే ప్లాంక్ సరైన సూత్రం పట్టేసి పోస్టు కార్డు మీద రాసి ఆయనకు పంపాడు. డిసెంబరు 14న దాని వెనకున్న కారణం బయటపెట్టాడు. అదే క్వాంటమ్ సిద్ధాంతం పుట్టినరోజు. ఒక్క కార్డు ముక్కతో కొత్త శకం!

అసలు తమాషా ఇక్కడుంది. ప్లాంక్ ముక్కలు చేసింది వెలుగును కాదు, మీకు తెలుసా? వెలుగును వెదజల్లే కంపనాల శక్తిని మాత్రమే! వెలుగు నిరాటంకంగా పారే తరంగమేనని ఆయన నమ్మకం. వెలుగే ముక్కలుగా వస్తుందని 1905లో అన్నది ఐన్‌స్టయిన్. అంటే క్వాంటమ్ పుట్టడమే సగం కొత్త, సగం పాత! ఈ సగం సగం పద్ధతినే శాస్త్రజ్ఞులు సెమీక్లాసికల్ అంటారు. కణం కొత్త రూలు పాటిస్తుంది, వెలుగు లాంటి క్షేత్రం పాత రూలులోనే సాగుతుంది. ఒకే ఇంట్లో రెండు తరాలు!

భిలాయ్ స్టీల్ ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం జరిగింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ప్లాంక్ సూత్రానికి అప్పటికి 58 ఏళ్లు. నిజానికి ఫర్నేసులోని ప్రతి ఫోటాన్ ఆ సూత్రాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తూనే వస్తోంది. హాజరు పట్టీ అక్కర్లేని ఉద్యోగులు!

మీకు తెలుసా? కిలోగ్రాము ఇప్పుడు ప్లాంక్ సూత్రంలోని అంకె, అంటే ప్లాంక్ స్థిరాంకం మీద నిలబడింది! 1889 నుంచి 2019 దాకా ఫ్రాన్స్‌లోని ఒక ప్లాటినమ్ ఇరిడియమ్ దిమ్మె కిలో అంటే ఎంతో చెప్పేది. ఎత్తు 39 మిల్లీమీటర్లు, వెడల్పూ అంతే. 2019 మే 20న దానికి రిటైర్మెంట్ ఇచ్చి, 6.62607015 అనే అంకెతో మొదలయ్యే ప్లాంక్ స్థిరాంకాన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. దిమ్మె సర్వీసు దాదాపు 130 ఏళ్లు.

130 అనగానే భిలాయ్ వాళ్లకు ఏం గుర్తొస్తుంది? మన రైలు మిల్లులో అతుకు లేకుండా తయారయ్యే పట్టా పొడవు 130 మీటర్లు! మీటరుకు 60 కిలోల లెక్కన ఒక్కో పట్టా 7.8 టన్నులు. ఆ టన్నుల లెక్క ఇప్పుడు ఆనేది ప్లాంక్ స్థిరాంకం మీద. ఆ స్థిరాంకం పుట్టింది కాలిన వస్తువు వెలుగులో. కొలిమి తన తూకపురాయిని తానే పుట్టించుకుంది. ఔరా!

గుంపుగా వస్తే గుట్టు తెలియదు

మీకు తెలుసా? మనం రోజూ వాడే రేడియో, ఓవెన్, లేజర్ అన్నీ ఫోటాన్ల గుంపులే. మరి ఆ ముక్కలు కనిపించవేం? బస్తాలోంచి బియ్యం పోస్తే ధారలాగే కనిపిస్తుంది, దగ్గరికెళ్తేనే గింజలు. ఫోటాన్లూ అంతే. లెక్కకు మించి వస్తే క్షేత్రం నున్నగా, పాత పద్ధతిలో ప్రవర్తిస్తుంది. ఆ గుంపు సైజు ఎంతో ఇప్పుడు చూడండి, కుర్చీ గట్టిగా పట్టుకోండి!

800 వాట్ల మైక్రోవేవ్ ఓవెన్ సెకనుకు ఎన్ని ఫోటాన్లు వదులుతుందో మీకు తెలుసా? 5 పక్కన 26 సున్నాలు! అన్నం వేడెక్కే లోపు సున్నాలు లెక్కపెట్టండి చూద్దాం.

10 కిలోవాట్ల ఎఫ్ఎం స్టేషన్ 100 మెగాహెర్ట్జ్ మీద పాడుతోందనుకోండి. సెకనుకు 15 పక్కన 28 సున్నాల ఫోటాన్లు! ఒక్కో ఫోటాన్ విడిగా ఏం పాడుతుందని అడక్కండి. అది పూర్తిగా బృందగానం.

సభల్లో స్క్రీన్ మీద ఎర్రచుక్క వేసే 1 మిల్లీవాట్ లేజర్ పాయింటర్ మీకు తెలుసు. అది సెకనుకు వదిలే ఫోటాన్లు 3 పక్కన 15 సున్నాలని మీకు తెలుసా? ఒక్క మిల్లీవాటుకే ఇంత ఆర్భాటం!

మరి మన కంటికి కనీసం ఎన్ని ఫోటాన్లు కావాలి? 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు తేల్చారు: చీకటికి అలవాటు పడిన కంట్లో 5 నుంచి 14 ఫోటాన్లు ఇంకితే చాలు, మెరుపు తెలుస్తుంది! 2016లో వియన్నాలో చేసిన ప్రయోగంలో మనుషులు ఒకే ఒక్క ఫోటాన్‌ను కూడా ఊహకన్నా కాస్త మెరుగ్గా పసిగట్టారు. దేవుడిచ్చిన డిటెక్టర్లు మనకు రెండున్నాయి, గ్యారంటీ కార్డు లేకుండా!

మనవాళ్ల మెరుపులు

మీకు తెలుసా? సి.వి. రామన్ బడి చదువు సాగింది విశాఖపట్నంలో! వాళ్ల నాన్నగారు అక్కడి కాలేజీలో అధ్యాపకుడు. సెయింట్ అలోషియస్ స్కూల్లో చదివి, 11 ఏళ్లకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. మన పిల్లలు ఆ వయసులో ఆరో తరగతి. కంగారు పెట్టకండి, వాళ్లకింకా టైముంది!

1928 ఫిబ్రవరి 28న బయటపడ్డ రామన్ ఫలితంలో వింతేమిటో మీకు తెలుసా? చెదిరే కాంతిలో కోటి ఫోటాన్లలో ఏ ఒక్కటో మాత్రమే రంగు మార్చుకుంటుంది. ఆ ఒక్కదాన్ని పట్టుకున్నందుకు 1930లో నోబెల్! మిగతా వాటికి ఓదార్పు బహుమతి కూడా లేదు.

ఆ రంగు మార్పును 1934లో ప్లాచెక్ వివరించిన తీరు అచ్చంగా మన సగం సగం పద్ధతే. అణువు క్వాంటమ్, దాని మీద పడే కాంతి పాతకాలపు తరంగం! లెక్క సరిగ్గా కుదిరింది. దేశమంతా ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవం చేసుకునేది రామన్ ఫలితానికే. సగం సగానికి పూర్తి మార్కులు!

ఫోటాన్ బొంగరంలా తిరుగుతుందని ప్రయోగంలో చూపినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడని మీకు తెలుసా? ఆయనే సూరి భగవంతం! 1909లో పుట్టిన ఆయన, 1931లో రామన్‌తో కలిసి ఫోటాన్ స్పిన్‌కు ప్రయోగాత్మక రుజువు ప్రకటించాడు. వయసు 22. ఆ వయసులో చాలామంది ఉద్యోగానికి దరఖాస్తు నింపుతుంటారు!

భగవంతం రాసిన కాంతి పరిక్షేపణం, రామన్ ఫలితం గ్రంథం 1940లో వాల్తేరు నుంచి, ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురణగా వచ్చింది. తర్వాత ఆయన ఉస్మానియా వైస్ ఛాన్సలర్, బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు కూడా. ఒక్క మనిషికి ఇన్ని కుర్చీలు!

1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ ఒక చిన్న వ్యాసం ఐన్‌స్టయిన్‌కు పంపాడు. ప్లాంక్ సూత్రాన్ని కేవలం ఫోటాన్ల లెక్కతో సాధించాడు, పాత పద్ధతి ఊతం లేకుండా! ఐన్‌స్టయిన్ దాన్ని స్వయంగా జర్మన్‌లోకి అనువదించి అచ్చు వేయించాడని మీకు తెలుసా? లోకంలో అంతకన్నా ఖరీదైన అనువాదకుడు దొరకడు!

భిలాయ్ ఐఐటీ 2016లో రాయ్‌పూర్‌లో మొదలైంది. కుటేలాభాటాలోని సొంత క్యాంపస్ 2024 ఫిబ్రవరి 20న ప్రారంభమైంది. ఇనుము వెలుగు ఎక్కడ చూడాలో, ఆ వెలుగు లెక్క ఎక్కడ నేర్చుకోవాలో చూపే అడ్రసులు రెండూ మన దగ్గరే. ఆటో చార్జీతో అయిపోయే శాస్త్రయాత్ర!

కణం కొత్తది, క్షేత్రం పాతది

మీకు తెలుసా? ఎంఆర్‌ఐ గదిలో పడుకున్నవాళ్లంతా సెమీక్లాసికల్ ప్రయోగంలో పాల్గొన్నట్టే. శరీరంలోని ప్రోటాన్ క్వాంటమ్, దాన్ని ఊపే అయస్కాంతమూ రేడియో తరంగమూ పాత రకం. 1.5 టెస్లా యంత్రంలో ప్రోటాన్లు సెకనుకు దాదాపు 6.4 కోట్ల సార్లు తిరుగుతాయి. డాక్టరు మాత్రం మిమ్మల్ని కదలొద్దంటారు!

అంత పెద్ద అయస్కాంతం పెట్టినా రెండు దిక్కుల్లో ఉండే ప్రోటాన్ల మధ్య తేడా ఎంతో మీకు తెలుసా? 10 లక్షలకు ఐదు! ఆ ఐదింటి మెజారిటీ మీదే స్కాన్ బొమ్మ మొత్తం వస్తుంది. ఎన్నికల్లో అయితే రీకౌంటింగ్ ఖాయం!

1922 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్టెర్న్, గెర్లాక్ వెండి పరమాణువులను అయస్కాంతం మధ్య నుంచి పంపారు. గాజు పలక మీద మొదట ఏమీ కనపడలేదు. స్టెర్న్ చవక చుట్టల పొగలోని గంధకం తగిలి వెండి నల్లబడింది, గీత రెండుగా చీలినట్టు తేలింది! చుట్ట వల్ల లోకానికి జరిగిన మేలు మీకు తెలుసా? బహుశా ఇదొక్కటే!

ఇంకో తమాషా. వాళ్లు చూసింది ఎలక్ట్రాన్ స్పిన్‌ను. కానీ స్పిన్ అనే ఊహ పుట్టింది 1925లో. అంటే మూడేళ్ల ముందే అతిథి ఇంటికొచ్చి కూర్చున్నాడు, పేరు అడిగినవాళ్లే లేరు!

సెకను అంటే ఎంతో మీకు తెలుసా? సీజియమ్ పరమాణువుతో జతపడే మైక్రోవేవ్ 919,26,31,770 సార్లు ఊగేంత కాలం! 1967 నుంచి ఇదే లెక్క. ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉన్న సీజియమ్ గడియారాలే మన దేశానికి టైము చెబుతాయి. ఇక షిఫ్టుకు ఆలస్యమైతే గడియారం మీద నెపం వేయలేం.

భీమిలి ఇసుకలో మోనజైట్ ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది. థోరియం-232 సగం తరగడానికి సుమారు 1,400 కోట్ల ఏళ్లు పడుతుంది. పొలోనియం-212కు పట్టేది 0.3 మైక్రోసెకను! రెండూ తరుగుతూ విసిరే ఆల్ఫా కణాల శక్తిలో తేడా ఎంతో మీకు తెలుసా? రెట్టింపు కన్నా కాస్త ఎక్కువ, అంతే! ఆయుష్షులో తేడా మాత్రం 24 సున్నాలు. 1928లో జార్జ్ గామోవ్ సెమీక్లాసికల్ లెక్కతో ఈ ముడి విప్పాడు. ఆయన వయసు అప్పటికి 24! వయసెంతో సున్నాలూ అన్నే!

ఆ లెక్క పద్ధతిని 1926లో వెంట్‌జెల్, క్రామర్స్, బ్రిలువా ఒకే ఏడాది, ఎవరికి వారే ప్రకటించారు. అంతకు మూడేళ్ల ముందే హెరాల్డ్ జెఫ్రీస్ దాన్ని చేసి పెట్టాడని మీకు తెలుసా? చాలా పుస్తకాల్లో పేర్లు మూడే ఉంటాయి. జెఫ్రీస్ గారికి మన తరఫున ఒక చప్పట్ల దరువు!

మీకు తెలుసా? అయస్కాంత క్షేత్రం తాకని చోట నడిచిన ఎలక్ట్రాన్ కూడా ఆ క్షేత్రం సంగతి పసిగడుతుంది! 1959లో అహరొనోవ్, బోమ్ ఈ మాట అంటే చాలామంది నమ్మలేదు. 1986లో జపాన్‌లో టోనొమురా బృందం అనుమానానికి తావు లేకుండా చూపించింది. పక్కింటి కబుర్లు గడప దాటకుండా తెలుసుకునే విద్య ఎలక్ట్రాన్‌కూ ఉంది!

పలచటి పొరలో ఎలక్ట్రాన్లను బంధించి బలమైన అయస్కాంతంలో పెడితే ఒక నిరోధం 25,812.807 ఓమ్‌ల దగ్గర గట్టిగా నిలబడుతుంది. పదార్థంలో మలినాలున్నా ఆ అంకె చెక్కుచెదరదు! 1980 ఫిబ్రవరిలో గ్రెనోబుల్‌లో ఒక రాత్రి దీన్ని పట్టుకున్నది క్లాస్ ఫాన్ క్లిట్జింగ్. ఐదేళ్లకే నోబెల్. నైట్ షిఫ్టు చేసేవాళ్లకు గర్వకారణం!

వెలుగుతో జల్లెడ కట్టి ఎలక్ట్రాన్లను చెదరగొట్టొచ్చని 1933లో కపిట్జా, డిరాక్ చెప్పారు. ఆ పని ఎలక్ట్రాన్లతో చక్కగా చేసి చూపింది ఎప్పుడో మీకు తెలుసా? 2001లో, అమెరికాలోని నెబ్రాస్కాలో. 68 ఏళ్ల వెయిటింగ్ లిస్టు, చివరికి కన్ఫర్మ్!

న్యూట్రాన్‌ను అద్దం మీదికి జారవిడిస్తే బంతిలా ఎగురుతుందని మీకు తెలుసా? కానీ ఇష్టమొచ్చినంత ఎత్తుకు ఎగరడం కుదరదు. 2002లో గ్రెనోబుల్‌లో చూశారు: మొట్టమొదటి మెట్టు ఎత్తు సుమారు 14 మైక్రాన్లు! ఇక్కడ క్షేత్రం మన భూమి గురుత్వం. అందరినీ కిందికి లాగే తల్లి, న్యూట్రాన్‌కు మాత్రం మెట్లు కట్టిచ్చింది!

క్వాంటమ్ కణాలను పాత రకం గురుత్వంలో పెట్టి లెక్కేస్తే 1974లో హాకింగ్‌కు ఏం తేలిందో మీకు తెలుసా? బ్లాక్ హోల్ కూడా కృష్ణవస్తువులాగే వెలుగుతుందని! సూర్యుడంత బరువున్న బ్లాక్ హోల్ వేడి 0.00000006 కెల్విన్. ఆవిరైపోవడానికి 2 పక్కన 67 సున్నాల ఏళ్లు. ఆ వేడి లెక్కగట్టే సూత్రాన్ని లండన్‌లో ఆయన సమాధి రాయి మీద చెక్కారు. రాయి మీద చెక్కిన సమాధానానికి మార్కులు ఎవరు కోస్తారు!

పాత పద్ధతి చేతులెత్తేసిన చోట

మీకు తెలుసా? ఫోటాన్ ఉందనడానికి రుజువుగా బడిలో చెప్పే ఫోటోఎలక్ట్రిక్ ఫలితాన్ని ఫోటాన్ లేకుండానే వివరించొచ్చు! 1969లో లాంబ్, స్కల్లీ చేసి చూపించారు. పరమాణువును క్వాంటమ్‌గా, వెలుగును తరంగంగా పెట్టారు. ఐన్‌స్టయిన్ సమీకరణం చక్కగా వచ్చేసింది. పరీక్షలో మాత్రం ఇది రాయకండి, మార్కులు పోతాయి!

ఆ విల్లిస్ లాంబ్ 1955లో నోబెల్ అందుకున్న మేటి. ఆయనకు ఫోటాన్ అనే మాటే పడదని మీకు తెలుసా? ఆ మాట వాడాలంటే లైసెన్సు ఉండాలనేవాడు. 1995లో ఏకంగా ఫోటాన్ వ్యతిరేక వ్యాసమే రాశాడు. ఈ లెక్కన మన క్విజ్‌కు ఈపాటికి పెద్ద చలానా పడేది!

1966లో ఎడ్విన్ జేన్స్, పీటర్ ఫ్రాంకెన్ 100 డాలర్ల పందెం కాశారు. క్షేత్రాన్ని క్వాంటమ్ చేయకుండా పని గడుస్తుందని జేన్స్, గడవదని ఫ్రాంకెన్. మధ్యవర్తి ఎవరో మీకు తెలుసా? మన లాంబే! ఫోటాన్ పడనివాడి చేతిలో ఫోటాన్ భవితవ్యం!

అంతకు ముందు 1963లో అదే జేన్స్, కమ్మింగ్స్‌తో కలిసి ఒక పరమాణువు, ఒకే రకం క్షేత్రం ఉన్న చిన్న నమూనా కట్టాడు. క్వాంటమ్ లెక్కనూ సెమీక్లాసికల్ లెక్కనూ పక్కపక్కన పెట్టి పోల్చడానికే దాన్ని కట్టాడు. ఇప్పుడు క్వాంటమ్ కంప్యూటర్లు చేసేవాళ్లు రోజూ వాడేది అదే. పోటీ కోసం కట్టిన వేదిక మీద పెళ్లి జరిగిపోయింది!

మీకు తెలుసా? వెలుగును పూర్తిగా పాత పద్ధతిలో ఉంచితే, శక్తి పుంజుకుని రెచ్చిన పరమాణువు బయటి నుంచి ఏదీ తాకకపోతే కలకాలం అలాగే ఉండిపోవాలి! తనంతట తాను మెరవడం సెమీక్లాసికల్ లెక్కలో లేదు. 1927లో డిరాక్ క్షేత్రాన్నే క్వాంటమ్ చేశాకే ఆ మెరుపుకు కారణం దొరికింది.

ఈ మెరుపును ఉక్కు కర్మాగారపు ల్యాబ్‌లో రోజూ చూడొచ్చు. ఉక్కు శాంపిల్‌ను నున్నగా గ్రైండ్ చేసి, స్పెక్ట్రోమీటర్ మీద పెట్టి, ఆర్గాన్ వాయువులో స్పార్క్ కొడతారు. కార్బన్, మాంగనీస్, సిలికాన్, గంధకం ఒక్కోటీ తన సొంత రంగు వదులుతుంది. కాసేపట్లో శాతాలన్నీ స్క్రీన్ మీద! సెమీక్లాసికల్ చేతులెత్తేసిన మెరుపే హీట్ (ఒక విడత ఉక్కు) పాసా ఫెయిలా అని తీర్పు చెబుతుంది. భలే జడ్జి!

ఆ మెరుపుకు ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా? సోడియం దీపం పసుపు వెలుగుకు సుమారు 16 నానోసెకన్లు. అంతరిక్షంలోని హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగానికి సగటున కోటి ఏళ్లకు పైగా! తొందరపడేవాళ్లకు సోడియం, ఓపికున్నవాళ్లకు హైడ్రోజన్.

మీకు తెలుసా? ఏమీ లేని శూన్యం కూడా నెడుతుంది! 10 నానోమీటర్ల దూరంలో రెండు మెరుగుపెట్టిన లోహపు పలకలు పెడితే, శూన్యంలోని క్షేత్రాల అలజడి వాటిని దాదాపు వాతావరణ పీడనమంత బలంతో కలిపి నొక్కాలని లెక్క. 1948లో కాసిమిర్ చెప్పాడు, 1997లో లామొరో కాస్త ఎక్కువ దూరంలో కొలిచి ఆ బలాన్ని రుజువు చేశాడు. శూన్యం అంటే ఖాళీ అనుకున్నవాళ్లకు గట్టి మొట్టికాయ!

1947లో లాంబ్ హైడ్రోజన్‌లో రెండు శక్తి మెట్ల మధ్య సుమారు 1,000 మెగాహెర్ట్జ్ తేడా పట్టుకున్నాడు. కారణం ఆ శూన్యపు అలజడే. హాన్స్ బేథే ఆ లెక్కను ఎక్కడ చేశాడో మీకు తెలుసా? న్యూయార్క్ నుంచి స్కెనెక్టడీ వెళ్లే రైల్లో! పట్టాలు తయారు చేసే ఊరివాళ్లం, ఆ రైలుకు ఒక సలాం కొట్టాల్సిందే.

1977లో కింబుల్, డాజెనైస్, మాండెల్ సోడియం పరమాణువుల వెలుగును గమనించారు. ఒక ఫోటాన్ వదిలిన పరమాణువు వెంటనే రెండోది వదలదని తేలింది. నున్నటి తరంగానికి ఈ పద్ధతి చేతకాదు. మధ్యలో ఊపిరి తీసుకునే అలవాటు పరమాణువుకూ ఉందని మీకు తెలుసా?

క్షేత్రంలో ఉన్న పరమాణువు ఊగిసలాట ఆగిపోయి, మళ్లీ తనంతట తానే మొదలవుతుందని 1980లో లెక్క చెప్పింది. 1987లో జర్మనీలో రెంపె, వాల్టర్, క్లైన్ చూశారు. క్షేత్రం ముక్కలుగా ఉంటేనే ఈ పునర్జన్మ సాధ్యం. మీకు తెలుసా, జన్మలు నమ్మనివాళ్లు కూడా ఈ గ్రాఫును కాదనలేరు!

రికార్డుల పుట

ఒక్క ఫోటాన్‌ను రెండు అద్దాల మధ్య బంధిస్తే ఎంతసేపు ఆగుతుందో మీకు తెలుసా? పారిస్‌లో సెర్జ్ హరోష్ అద్దాల మధ్య సగటున 0.13 సెకను! దూరం 2.7 సెంటీమీటర్లు, చలి మైనస్ 272 డిగ్రీల చిల్లర. అంతలో 100 కోట్ల సార్లకు పైగా కొట్టుకుని, దాదాపు భూమి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసినంత దూరం నడిచింది. 2012లో నోబెల్. గది దాటకుండా భూప్రదక్షిణ చేసిన విఘ్నేశ్వరుడు!

ఆ అద్దాల పైపూత నియోబియం. లోకంలో దొరికే నియోబియంలో దాదాపు 90 శాతం ఎక్కడికి పోతుందో మీకు తెలుసా? ఉక్కులో కలవడానికి! నోబెల్ అద్దం మీదున్నదీ మన ఇండస్ట్రీ చుట్టమే.

అంతరిక్షంలో దొరికిన అతి పెద్ద పరమాణువు ఎంతుంటుందో మీకు తెలుసా? అడ్డంగా 0.1 మిల్లీమీటరు, వెంట్రుక మందమంత! కార్బన్ పరమాణువులో ఎలక్ట్రాన్ దాదాపు 1,009వ మెట్టు మీద కూర్చుంది. 2007లో ఈ ఫలితం ప్రకటించిన ఉక్రెయిన్ బృందంలో భారత శాస్త్రజ్ఞులూ ఉన్నారు. అంత పైమెట్టు మీద ఎలక్ట్రాన్ పాతకాలపు గ్రహంలా మెల్లగా తిరుగుతుంది. ఎత్తుకెళ్లిన కొద్దీ పాత పద్ధతులు గుర్తొస్తాయి కాబోలు!

తరంగంలా ప్రవర్తించిన అతి పెద్ద అణువుల్లో ఒకదానిలో ఎన్ని పరమాణువులో మీకు తెలుసా? సుమారు 2,000! 2019లో వియన్నాలో దాన్ని రెండు దారుల్లోనూ ఒకేసారి నడిపించారు. మనకేమో ఒక దారిలో ట్రాఫిక్ దాటడమే గగనం!

శూన్యం నుంచి ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటలు వాటంతటవే ఊడిపడాలంటే మీటరుకు 13 పక్కన 17 సున్నాల వోల్టుల క్షేత్రం కావాలి. భూమ్మీద ఏ లేజరూ ఆ హద్దు తాకలేదు. అయినా 1997లో అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో, వేగంగా దూసుకొచ్చే ఎలక్ట్రాన్లకు లేజర్‌ను ఎదురు పెట్టి వంద దాకా పాజిట్రాన్లు పుట్టించారు. వెలుగు నుంచి పదార్థం! మీకు తెలుసా, పురాణాల్లో తప్ప ఇలాంటివి జరగవనుకున్నాం!

ఇక ఆఖరి ప్రశ్న, బంపర్ ప్రశ్న! క్వాంటమ్ అల్లరి చిన్నవాటికే పరిమితమా? 2020లో అమెరికాలోని లైగో అనే గురుత్వ తరంగాల వేధశాల శాస్త్రజ్ఞులు తమ అద్దాలను లేజర్‌లోని ఫోటాన్ల క్వాంటమ్ అలజడి ఊపుతోందని చూపారు. కదలిక 1 మీటరులో 10 పక్కన 19 సున్నాల వంతు! అద్దం బరువు ఎంతో మీకు తెలుసా? 40 కిలోలు. మీటరుకు 60 కిలోల మన పట్టాలో రెండడుగుల పైచిలుకు ముక్క! ఆ లైగోకు భారత్‌లో కొత్త చెల్లెలు వచ్చేది మహారాష్ట్రలోని హింగోలీ జిల్లాకు, తెలంగాణ సరిహద్దుకు మరీ దూరం కాని చోటికి. క్వాంటమ్ ఆగిపోయే గేటు ఎక్కడుందో ఇంతవరకూ ఎవరికీ కనపడలేదు. 40 కిలోలను కదిపే ఫోటాన్లకు జోహారు చెప్పండి, చప్పట్లు గట్టిగా కొట్టండి!